టిక్కులు ఆగిపోయాక నేనింకా దేవుని బిడ్డనేనా? (గలతీ 4:28 గురించి)

నిరీక్షణ

అందరికీ వందనాలు. ఇక్కడ చాలా రోజులుగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి.

నేను రక్షణ పొంది 11 ఏళ్లయింది. మొదటి నుంచీ నాకో అలవాటు ఉంది. నోట్‌బుక్‌లో రోజుకు మూడు గళ్లు గీసుకుంటాను: పొద్దున ప్రార్థన, వాక్యం, రాత్రి ప్రార్థన. చేసిన వాటికి టిక్కు పెడతాను. అలా ఏడు పుస్తకాలు నిండాయి. నెల చివర లెక్క చూసుకుని, బాగుంటే మనసు తేలికపడేది. తగ్గితే రెండు మూడు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడేదాన్ని కాదు.

మూడు నెలల క్రితం అమ్మ మంచం పట్టింది. రాత్రి రెండు గంటలకోసారి లేచి అమ్మను పక్కకు తిప్పాలి. పగలు ఉద్యోగం. మొన్న పుస్తకం తెరిస్తే వరసగా ఖాళీ గళ్లే. అవి చూసేసరికి గుండె జారిపోయింది. ఇన్నాళ్లూ నేను విశ్వాసినని దేన్ని బట్టి అనుకున్నాను? ఈ టిక్కులను బట్టేనా? ఇప్పుడు మోకరిస్తే "తండ్రీ" అనడానికి మొహం చెల్లడం లేదు.

నిన్న గలతీ పత్రికలో ఈ మాట దగ్గర ఆగిపోయాను: "మనమును ఇస్సాకువలె వాగ్దానమునుబట్టి పుట్టిన కుమారులమైయున్నాము." ఇస్సాకులా అంటే ఎలా? ఓదార్పు మాటలు వద్దండీ, వాక్యంలో ఏముందో ఎవరైనా విడమర్చి చెప్పండి.

పాత_నిబంధన_పాఠకుడు

అక్కా, వందనాలు. ముందు వయసులు చూడండి. అబ్రాహాము హారాను నుంచి బయలుదేరినప్పుడు 75 ఏళ్లు. శారా దాసి హాగరు ఇష్మాయేలును కన్నప్పుడు 86. ఇస్సాకు పుట్టినప్పుడు 100, శారాకు సుమారు 90. దేవుడు మాట ఇచ్చిన రోజు నుంచి బిడ్డ చేతికి వచ్చేసరికి 25 ఏళ్లు పట్టింది.

ఆ మధ్యలో వచ్చిన ఇష్మాయేలు మనుషుల ఆలోచన. దేవుడు ఆలస్యం చేస్తున్నాడు కదా, మన చేతనైన దారి మనం చూసుకుందాం అన్న ఆలోచన. చూడబోతే అందులో పెద్ద తప్పు కూడా కనిపించదు, అప్పటి లోకరీతి అది. కానీ ఇస్సాకు పుట్టడానికి అబ్రాహాము ఒంట్లో శక్తి గానీ, శారా గర్భం గానీ పనికొచ్చే స్థితిలో లేవు. రోమా 4వ అధ్యాయంలో పౌలు ఆ శరీరాన్ని మృతతుల్యం అంటాడు. మిగిలింది దేవుడు అన్న మాట ఒక్కటే. "ఇస్సాకువలె" అంటే అదే. ఆ బిడ్డ ఉనికికి ఆ మాట తప్ప ఇంకో కారణం చూపించలేం. ఇస్సాకు అంటే నవ్వు అని అర్థం. ఆ పేరు పెట్టారు, శారా నవ్వింది కాబట్టి, అబ్రాహామూ నవ్వాడు కాబట్టి.

వీలైతే ఈ రాత్రి ఆదికాండము 15 చదవండి. మూడేండ్ల పెయ్యను, మేకను, పొట్టేలును నడిమికి ఖండించి ముక్కలు ఎదురెదురుగా పెట్టారు. ఆ రోజుల్లో నిబంధన చేసుకునేవాళ్లు ఆ ముక్కల మధ్య నడిచేవాళ్లు. మాట తప్పితే నాకూ ఇదే గతి పట్టాలి అన్నట్టు. యిర్మీయా 34:18లో కూడా దూడను రెండు భాగాలుగా కోసి మధ్య నడిచిన సంగతి ఉంది. అబ్రాము (అబ్రాహాముకు అప్పటి పేరు) మాత్రం నడవలేదు. అతనికి గాఢ నిద్ర పట్టింది. పొద్దు గుంకి కటిక చీకటి పడ్డాక "రాజుచున్న పొయ్యియు అగ్నిజ్వాలయు" ఆ ఖండాల మధ్య నడిచిపోయాయి. ఇద్దరు నడవాల్సిన చోట దేవుడొక్కడే నడిచాడు. ముక్కలు పెట్టాక అబ్రాము చేసిన పని, వాలుతున్న గద్దలను తోలడం. ఆ తర్వాత అదీ చేయలేక నిద్రలోకి జారిపోయాడు.

కార్యశీలి

అందరికీ ప్రైజ్ ది లార్డ్. సిస్టర్ బాధ అర్థమవుతోంది. అయితే ఒక మాట చెప్పాలి. ఇలాంటి బోధ విని చల్లబడిపోయినవాళ్లను నేను చూశాను. "అంతా కృపే కదా" అని కూడికలకు రారు, బైబిలు తెరవరు, పాత అలవాట్లకు తిరిగిపోతారు. క్రియలు లేని విశ్వాసం మృతమని యాకోబు రాశాడు. ఫలాలను బట్టి చెట్టు తెలుస్తుందని ప్రభువే చెప్పాడు. అక్క నోట్‌బుక్ మంచి అలవాటు. దాన్ని తప్పుపట్టడం నాకు నచ్చలేదు.

పాత_నిబంధన_పాఠకుడు

బ్రదర్, నోట్‌బుక్‌ను నేను తప్పుపట్టలేదు. ఏది ముందు, ఏది తర్వాత అన్నదే నా మాట.

యాకోబు చూపించే సందర్భం ఇస్సాకును బలిపీఠం మీద పెట్టిన రోజు. అది ఆదికాండము 22. పౌలు చూపించేది 15:6, నక్షత్రాలు చూపించినప్పుడు అబ్రాము నమ్మిన రాత్రి. అప్పటికి ఇస్సాకు పుట్టనేలేదు, ఇష్మాయేలూ పుట్టలేదు. సున్నతి వచ్చింది 17వ అధ్యాయంలో, 99 ఏళ్ల వయసులో. కొండ మీద విధేయత నిజమైనదే. యాకోబు కూడా ఆ విధేయత వల్ల 15:6లోని లేఖనం నెరవేరిందంటాడు. ఎప్పుడో చెప్పిన మాట అక్కడ పండింది. పండు లేని చెట్టు సంగతి మీరన్నట్టే. కానీ పండు కాసింది కాబట్టి వేరు పుట్టలేదు కదా.

గలతీ 3:17లో పౌలు లెక్క కూడా కడతాడు. ధర్మశాస్త్రం వచ్చింది వాగ్దానం తర్వాత 430 ఏళ్లకు. తర్వాత వచ్చింది ముందున్నదాన్ని కొట్టివేయదు.

దత్తత_తల్లి

ఈ థ్రెడ్ చదువుతూ ఉండలేక రాస్తున్నాను. మా బాబు మా ఇంటికి వచ్చినప్పుడు ఆరేళ్లు. కోర్టులో కాగితాల మీద సంతకాలు నేనూ మావారూ పెట్టాం. వాడు పెట్టలేదు. ఆ పూట వాడు బెంచీ మీద నా ఒళ్లో తల పెట్టుకుని నిద్రపోతున్నాడు. బయటికి వచ్చేసరికి వాడి ఇంటిపేరు మారిపోయింది.

కానీ వాడికి అది తెలియడానికి చాలా కాలం పట్టింది. ఇంట్లో ఏ తలుపు తీయాలన్నా అడిగేవాడు. "అమ్మా, ఈ గదిలోకి వెళ్లొచ్చా?" "ఈ కుర్చీలో కూర్చోవచ్చా?" అడక్కుండా బీరువా తెరిచేవాడు కాదు. బట్టలు తనే మడతపెట్టుకునేవాడు, చెప్పకుండానే ఇల్లు ఊడ్చేవాడు. చూసినవాళ్లు ఎంత బుద్ధిమంతుడో అనేవాళ్లు. నాకు మాత్రం కడుపులో దేవినట్టు ఉండేది. వాడు మంచి పిల్లాడిలా ఉండటం లేదు, వెళ్లగొట్టకుండా చూసుకుంటున్నాడు.

దాదాపు రెండేళ్ల తర్వాత ఒక సాయంత్రం హోంవర్క్ మీద గొడవైంది. వాడు కోపంగా లోపలికి వెళ్లి తలుపు ధడేల్‌మని వేసి, "ఇది నా గది, ఎవరూ రావద్దు" అని అరిచాడు. నేను తలుపు ఇవతల నిలబడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. సంతోషంతో. "నా గది" అన్నాడు.

అలా తలుపు వేయడం మంచిదని చెప్పట్లేదు, తర్వాత మాట్లాడుకున్నాం. ఇప్పుడు కూడా ఇల్లు ఊడుస్తాడు, కాకపోతే సణుగుతూ. నిరీక్షణ గారూ, మీ టిక్కుల పుస్తకం గురించి చదువుతుంటే నాకు వాడి "వెళ్లొచ్చా?" వినిపించింది.

కొత్త_విశ్వాసి

అమ్మా, మీ పోస్ట్ రెండుసార్లు చదివాను. నాదో సందేహం. రోమా 8:15లో దత్తపుత్రాత్మ అని ఉంది, "అబ్బా తండ్రీ" అని మొఱ్ఱపెడతామని ఉంది. అబ్బా అంటే చిన్నపిల్లలు "డాడీ" అన్నట్టు ముద్దుగా పిలవడమని విన్నాను. మరి నాకు అలాంటి దగ్గరితనం ఏమీ అనిపించదు. బాప్తిస్మం తీసుకుని ఎనిమిది నెలలైంది. నాలో ఆత్మ లేనట్టేనా?

గ్రంథపు_పురుగు

తమ్ముడూ, ఆ "డాడీ" మాట చాలా మంది చెబుతారు, ప్రేమతోనే చెబుతారు. కానీ అది సరి కాదు. అరమయికులో పెద్దవాళ్లు కూడా తండ్రిని అబ్బా అనే పిలిచేవాళ్లు. జేమ్స్ బార్ అనే పండితుడు 1988లో దీని మీద వివరంగా రాశాడు. మన "నాన్నా" దానికి దగ్గరగా ఉంటుంది. మూడేళ్లవాడూ అంటాడు, యాభై ఏళ్లవాడూ అంటాడు.

అంతకన్నా ముఖ్యం, ఆ మాట ఎక్కడ వస్తుందో చూడు. కొత్త నిబంధన మొత్తంలో మూడే చోట్ల ఉంది: రోమా 8:15, గలతీ 4:6, మార్కు 14:36. సువార్తల్లో యేసు నోట అది వినిపించేది గెత్సేమనేలో. నేల మీద పడి, ఈ గిన్నె నా నుంచి తొలగించు అని వేడుకుంటున్నప్పుడు. అక్కడ హాయి లేదు, వెచ్చదనం లేదు. తోడున్నవాళ్లు నిద్రపోతున్నారు. కుమారుడు కుమారుడుగానే ఉండి, నలిగిపోతూ "అబ్బా" అన్నాడు.

పౌలు వాడిన క్రియ కూడా మెల్లగా పిలవడం కాదు. కేక వేయడం. మన బైబిలులో "మొఱ్ఱపెట్టుచున్నాము" అని సరిగ్గా పడింది. కాబట్టి నీకు ఏమనిపిస్తోందని అడగకు. కష్టం వచ్చినప్పుడు ఎవరి వైపు తిరిగి అరుస్తున్నావో చూసుకో. ఎనిమిది నెలలకే ఈ ప్రశ్న ఇక్కడ పెట్టావంటే ఆ వైపే తిరిగి ఉన్నావని నేననుకుంటున్నాను.

నిరీక్షణ గారు "తండ్రీ అనడానికి మొహం చెల్లడం లేదు" అన్నారు. అక్కా, ఆ మాట బాగున్న రోజుల కోసం దాచుకునేది కాదు.

మూడో_తరం

నా బాధ వేరే రకం. మా తాతగారు విశ్వాసి, నాన్న సంఘ పెద్ద. చిన్నప్పుడే వాక్యాలన్నీ కంఠతా. నేను క్రైస్తవుణ్ణి అని వేరే అనుకోవాల్సిన అవసరమే రాలేదు. డిగ్రీలో ఉండగా యోహాను 1:13 నన్ను పట్టుకుంది. దేవుని పిల్లలు రక్తం వలన గానీ శరీరేచ్ఛ వలన గానీ మానుషేచ్ఛ వలన గానీ పుట్టినవారు కారు అని. తాత, నాన్న, వంశం, అన్నీ ఆ ఒక్క వచనంలో పక్కకు పోయాయి. చాలా రోజులు కాళ్ల కింద నేల లేనట్టే ఉంది. ఇప్పుడు ఆలోచిస్తే, నిరీక్షణ గారి టిక్కులూ నా ఇంటి చరిత్రా ఒకటే. రెండూ చూపించుకోవడానికి మన దగ్గరున్నవి.

ఇంకొకటి అడగాలని ఉంది. గలతీ 4లో హాగరు, శారాల పోలిక చదివి కొందరు "మేము వాగ్దాన పుత్రులం, మిగతావాళ్లు దాసి పిల్లలు" అని ఛాతీ విరుచుకోవడం చూశాను. హాగరును తలుచుకుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది. దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

గ్రంథపు_పురుగు

పౌలు ఆ పోలిక ఎవరితో చెబుతున్నాడో మరిచిపోతే ఆ గర్వం వస్తుంది. గలతీయులు అన్యజనులు, అంటే యూదులు కానివాళ్లు. సున్నతి పొందితే తప్ప మీరు పూర్తిగా దేవుని ప్రజలు కారని కొందరు వాళ్లను ఒత్తిడి చేస్తున్నారు. బయటివాళ్లమేమో అని కుమిలిపోతున్నవాళ్లకు "మీరూ ఇస్సాకులాంటివాళ్లే" అని చెప్పిన మాట అది. దాన్ని తీసుకుని ఇంకొకరిని బయటికి నెట్టడం ఏం న్యాయం?

ఇక హాగరు. ఎడారిలో దేవుని దూత రెండుసార్లు ఆమెతో మాట్లాడాడు. ఆదికాండము 16లో దేవునికి పేరు పెట్టింది ఆమే, చూచుచున్న దేవుడవు అని. 21లో తిత్తిలో నీళ్లు అయిపోయి పిల్లవాణ్ణి పొద కింద పడవేసి దూరంగా కూర్చుంటే దేవుడు ఆ చిన్నవాని మొర విన్నాడు. ఇష్మాయేలు అంటేనే దేవుడు వింటాడు అని. అసలు అబ్రాహాముకు మొదటి రోజు ఇచ్చిన మాటలోనే "భూమియొక్క సమస్తవంశములు" ఉన్నాయి. అందరి కోసం ఇచ్చిన కానుక పట్టుకుని గొప్పలు పోవడానికి ఏముంది?

కొత్త_విశ్వాసి

ఇంకో చిన్న ప్రశ్న, మా చెల్లి అడగమంది. ఎప్పుడూ "కుమారులు" అనే ఎందుకు?

దత్తత_తల్లి

మీ చెల్లికి చెప్పండి బాబూ. ఆ కాలంలో ఆస్తి మామూలుగా కొడుకులది. అలాంటి చోట పౌలు గలతీ 3:26లో "మీరందరు" కుమారులు అన్నాడు. రెండు వచనాలు దాటగానే పురుషుడని స్త్రీ అని లేదు అని కూడా రాశాడు. అంటే కొడుకుకు దక్కే హక్కు పూర్తిగా ఆమెకూ ఉంది. 2 కొరింథీ 6:18లో "కుమారులును కుమార్తెలునై" అనే ఉంది. సంఖ్యాకాండము 27లో సెలోపెహాదు కూతుళ్లు ఐదుగురు మోషే ఎదుట నిలబడి స్వాస్థ్యం అడిగితే, వాళ్లు చెప్పింది యుక్తమే అని యెహోవా అన్నాడు. అది కూడా చదివించండి, ఆమెకు నచ్చుతుంది.

సంఘ_సేవకుడు

ప్రభువు నామంలో అందరికీ వందనాలు. నేను పరిచర్యలో ఉన్నవాణ్ణి. నిరీక్షణ అమ్మా, నీలాంటి బాధ నా గదిలోకి చాలాసార్లు వచ్చింది. ఎక్కువగా నమ్మకంగా పనిచేసేవాళ్లకే వస్తుంది.

లూకా 15 ఉపమానంలో ఆస్తి పాడుచేసుకున్న చిన్న కొడుకు ఇంటికి బయలుదేరకముందే మాటలు సిద్ధం చేసుకుంటాడు. మూడు మాటలు. పాపం చేశాను, కొడుకుననిపించుకోవడానికి యోగ్యుణ్ణి కాను, నన్ను నీ కూలివారిలో ఒకనిగా పెట్టుకో. ఇంటి దగ్గర నోరు తెరిచాక మొదటి రెండే చెప్పాడు. మూడోది నోట్లోనే ఉండిపోయింది. తండ్రి అప్పటికే దాసులను పిలిచి వస్త్రం, ఉంగరం, చెప్పులు తెమ్మంటున్నాడు. కొడుకుగా ఉండాలా, కూలివాడిగా ఉండాలా అన్నది చర్చకే రాలేదు.

నాకు ఇంకా బెంగ పెద్ద కొడుకు గురించి. ఇల్లు విడిచి వెళ్లనివాడు. "ఇన్ని యేండ్లనుండి నిన్ను సేవించుచున్నాను" అంటాడు. ఆ మూల భాషలో అది దాసుడు చేసే సేవ. కొడుకై పుట్టి దాసుడి లెక్కలు రాసుకున్నాడు. తండ్రి ఆ లెక్కను కాదనలేదు, చూడనూ లేదు. "కుమారుడా, నీవెల్లప్పుడును నాతో కూడ ఉన్నావు, నావన్నియు నీవి" అన్నాడు.

మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన జాన్ వెస్లీ సంగతి మీలో కొందరికి తెలిసే ఉంటుంది. క్రమశిక్షణలో ఆయన్ను మించినవాళ్లు తక్కువ. ఉపవాసాలు, దినచర్య పుస్తకాలు, సముద్రం దాటి అమెరికాలోని జార్జియాలో పరిచర్య. అయినా 1738 మే 24న లండన్‌లో ఆల్డర్స్‌గేట్ వీధి కూడికలో, రోమా పత్రికకు లూథర్ రాసిన ముందుమాట చదువుతుంటే విని గానీ, క్రీస్తు నా పాపాలనే తీసివేశాడన్న నిశ్చయం ఆయనకు కలగలేదు. చాలా ఏళ్ల తర్వాత వెనక్కి చూసుకుని, ఆ రోజుకు ముందు నాకున్నది దాసుని విశ్వాసం, కుమారుని విశ్వాసం కాదు అన్నట్టు రాసుకున్నాడు. దాసుని విశ్వాసాన్ని కూడా ఆయన తీసిపారేయలేదు, అది గమనించు. ఆ తర్వాత ఆయన పని మానలేదు కూడా.

ఇంకొక్క మాట. ఎఫెసీ 1:14లో పరిశుద్ధాత్మను "సంచకరువు" అంటారు. ఇప్పుడు ఆ మాట వాడేవాళ్లు తగ్గారు. బయానా, అడ్వాన్స్ అంటే అందరికీ తెలుస్తుంది. కొనేవాడు ముందుగా చేతిలో పెట్టే సొమ్ము. ఇచ్చినవాడు బేరం నుంచి తప్పుకోడని గుర్తు. ఇక్కడ ఆ సంచకరువు ఇచ్చింది దేవుడు, పుచ్చుకున్నది మనం. మనలో చాలామంది దీన్ని తిరగేసి, రోజూ మనమే బయానా కట్టాలనుకుంటాం. ఒక రోజు కట్టలేకపోతే బేరం పోయిందని టెన్షన్ పడతాం.

అమ్మా, ప్రార్థన మానేయమని నేను చెప్పను. నీకు ఇప్పుడు ఎక్కువ అవసరమైనది అదే. కానీ రాత్రి రెండింటికి నీ తల్లిని పక్కకు తిప్పేటప్పుడు నీ నోట్లో వచ్చే ఒక్క "తండ్రీ" చాలు, ఏ గడిలోనూ రాయకపోయినా.

మూడో_తరం

అయ్యగారూ, మరి ఒకసారి బిడ్డ అయినవాళ్లు ఎన్నటికీ తప్పిపోరా? తప్పిపోయినవాళ్ల గురించి హెబ్రీ 6లో ఉన్న హెచ్చరిక మాటేమిటి?

సంఘ_సేవకుడు

నాయనా, దాని మీద భక్తిగలవాళ్లే రెండు వైపులా ఉన్నారు, వేరే థ్రెడ్ పెట్టు, కూర్చుని మాట్లాడుకుందాం. ఇక్కడ ఒక్కటి చెబుతాను. ఆ హెబ్రీ 6 చివరనే, దేవుడు తనకంటే గొప్పవాడెవడూ లేడు కాబట్టి తన తోడనే ప్రమాణం చేశాడని రాసి ఉంది. భయపెట్టిన అధ్యాయమే లంగరు కూడా ఇచ్చింది. సగం చదివి ఆపవద్దు.

కార్యశీలి

మళ్లీ వచ్చాను. మొన్న కాస్త గట్టిగా రాశానేమో. నా సంగతి చెప్పలేదు. నేను పదిహేనేళ్లు తాగాను. ప్రభువు దగ్గరికి వచ్చాక నన్ను నిలబెట్టింది కట్టుబాట్లే అనుకుంటూ వచ్చాను. తెల్లవారుజామున నాలుగింటికి లేవడం, శుక్రవారం ఉపవాసం. ఒక్కటి సడలినా మళ్లీ అక్కడికే పోతానని భయం. అందుకే ఎవరైనా కృప అంటే నాకు కాళ్లు వణుకుతాయి.

దత్తత తల్లి గారు రాసింది చదివి రాత్రి నిద్ర పట్టలేదు. నేను కూడా ఏ తలుపు దగ్గరైనా "రావచ్చా" అనే అడుగుతున్నాను. నాలుగింటికి లేవడం మానను. కానీ ఇవాళ లేచినప్పుడు 2 సమూయేలు 9 చదివాను. యోనాతాను కొడుకు మెఫీబోషెతు. రెండు కాళ్లూ కుంటివి, తనను తాను చచ్చిన కుక్కవంటివాడినని అంటాడు. దావీదు రాజు అతణ్ణి పిలిపించింది తన స్నేహితుడు యోనాతానుకు ఇచ్చిన మాట కోసం. ఆ మాట ఇచ్చినప్పుడు మెఫీబోషెతు అక్కడ లేడు. అధ్యాయం చివరి వచనంలో రాజు బల్ల దగ్గర ఎప్పుడూ భోజనం చేస్తున్నాడని ఉంది, కాళ్లు రెండూ కుంటివని కూడా ఉంది. బల్ల దగ్గరికి చేరాక కాళ్లు బాగుపడ్డాయని రాయలేదు. పదిహేనేళ్ల తాగుడు సంగతి నాకు గుర్తుకొచ్చింది. అక్కా, నన్ను క్షమించండి.

నిరీక్షణ

అన్నా, క్షమాపణ ఎందుకు. మీరు అలా అడగకపోతే పాఠకుడు గారు 15, 17, 22 వరస చెప్పేవారు కాదు. మీ కోసం ప్రార్థన చేస్తాను, నా కోసం మీరు చేయండి.

అందరికీ కృతజ్ఞతలు. దత్తత తల్లి గారూ, మీ బాబు మాట చదివాక నేనూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

నోట్‌బుక్ పారేయలేదు. ఇప్పుడు అందులో అమ్మకు మందులు ఇచ్చిన టైమ్ రాస్తున్నాను, ఆ గళ్లు దానికి సరిగ్గా సరిపోయాయి. నిన్న రాత్రి అమ్మను పక్కకు తిప్పాక ఇద్దరికీ నిద్ర పట్టలేదు. ఏదైనా చదవమంది. ఆదికాండము 15 తెరిచాను. నక్షత్రాల దగ్గర "ఎన్నో కదా" అంది. గద్దలను తోలిన చోట చిన్నగా నవ్వింది. 12వ వచనం దగ్గరికి వచ్చేసరికి నిద్రపోయింది. మిగతాది నేను పైకే చదివాను.